ఎవరి చెవిన వేశారు?

పరువు నష్టం నోటీసులకు మా ప్లీడరు గారి ఆఫీసులో ఒక మూస ఉంది. "మా క్లయింటు సంఘంలో గౌరవమర్యాదలు గల కుటుంబానికి చెందినవారు, నలుగురికీ తలలో నాలుకలా మెలుగువారు" అని మొదలవుతుంది. "తమరు దురుద్దేశంతో, మా క్లయింటును అల్లరిపాలు చేయవలెనను తలంపుతో" అంటూ నడుస్తుంది. "ఈ నోటీసు అందిన పదిహేను దినములలోగా బేషరతు క్షమాపణ చెప్పి, కోటి రూపాయలు నష్టపరిహారం చెల్లించనిచో" అని తేలుతుంది. పేర్లు, తేదీ, అన్న మాట మారిస్తే చాలు. నేను తెనాలిలో వకీలు గుమాస్తాని. లా చదవలేదు. కాగితాలు టైపు చేసి, కేసు కట్టలు మోసి, బెంచి క్లర్కు బల్ల దగ్గర నిలబడి వాయిదాలు రాసుకుంటూ వంటబట్టించుకున్న చట్టమే నాది. కాబట్టి ఇక్కడ రాసేది సలహా కాదు, చూసింది చెబుతున్నానంతే. మనుషులెవరో తెలియకుండా వివరాలు కాస్త అటూ ఇటూ మార్చాను.

ఆ కోటి సంగతి ముందే చెప్పేస్తాను, దాన్ని చూసే చాలామందికి బీపీ పెరుగుతుంది. నోటీసులో అంకె వేయడానికి పైసా ఖర్చు లేదు. సివిల్ కోర్టులో దావా పడాలంటే మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అందుకే నోటీసులో కోటి అడిగిన ఆసామి, ప్లెయింటు (కోర్టులో వేసే దావా కాగితం) రాయించుకునేటప్పుడు లక్షకో రెండు లక్షలకో దిగొస్తాడు. ఎక్కువమంది అసలు దావా జోలికే పోరు. పోలీసులతో పని లేకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు, అంటే ప్రైవేటు కంప్లైంటు వేస్తారు. దానికయ్యే ఖర్చు తక్కువ, పైగా అవతలివాణ్ణి కోర్టు మెట్లెక్కించామన్న తృప్తి.

నోటీసు అందుకున్నవాళ్ళు ఆఫీసులోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "మాట్లాడే స్వేచ్ఛ ఉంది కదా గుమాస్తా గారూ, రాజ్యాంగంలో?" ఉంది, 19(1)(ఎ). దాని కిందనే 19(2) కూడా ఉంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం... వీటి పేరు మీద ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు. ఈ జాబితా ఒక్క రోజులో తయారైంది కాదు. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రికను రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. అప్పటికి మా తెనాలి కూడా మద్రాసు రాష్ట్రంలోదే, అంటే ఆ నిషేధం మా ఊరికీ వర్తించినట్టే. పత్రిక నడిపే రొమేశ్ థాపర్ సుప్రీం కోర్టుకెళ్ళి గెలిచాడు. శాంతిభద్రతలు అన్న మాట అప్పటి 19(2)లో లేదు కాబట్టి నిషేధం చెల్లదని కోర్టు తేల్చింది. ఏడాది తిరిగేసరికి, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణ చేసి ఆ మాటను చేర్చేశారు. దాంతోపాటే 'సహేతుకమైన' అన్న షరతూ వచ్చింది, అది మన అదృష్టం. పరువు నష్టం మాత్రం మొదటి రోజు నుంచీ ఆ జాబితాలో ఉంది. 2016లో సుబ్రమణ్య స్వామి కేసులో క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీం కోర్టు మళ్ళీ ఖాయం చేసింది.

ఇన్నాళ్ళుగా కట్టలు విప్పుతూ కడుతూ నాకు అర్థమైంది ఒకటుంది. మాట ఎంత ఘాటుగా ఉందని చట్టం పెద్దగా పట్టించుకోదు. ఆ మాట ఎవరి చెవిన వేశారని అడుగుతుంది. అదే వాక్యం ఒకరితో అంటే హక్కు, ఇంకొకరితో అంటే కేసు.

మొహం మీద అనడం మొరటుతనమనీ, వెనకాల అనుకోవడం లోకసహజమనీ మన పెంపకం. పరువు నష్టం చట్టం దీనికి సరిగ్గా తలకిందులు. గదిలో ఇద్దరే ఉండి నువ్వు దొంగంటే నువ్వు దొంగనుకున్నా ఆ సెక్షన్ కదలదు. పరువనేది మూడో మనిషి మనసులో ఉండేది, ఆ మూడో మనిషి వినకపోతే పోయిందేమీ లేదు. అలాగని మొహం మీద ఏదైనా అనొచ్చని కాదు. గొడవకు దిగేలా రెచ్చగొట్టి అవమానిస్తే 352, చంపుతానని బెదిరిస్తే 351, నడిబజార్లో బూతులు తిడితే 296. ఊరి తగాదాల ఎఫ్ఐఆర్‌లలో ఈ మూడు అంకెలూ తోడబుట్టినవాటిలా కలిసి కనిపిస్తాయి. ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత అంకెలు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చినవి. పరువు నష్టానికి పాత శిక్షా స్మృతిలోని 499, 500 పోయి 356 వచ్చింది. మా సారు నోటికి ఇప్పటికీ 'ఫోర్ నైంటీ నైనే' వస్తుంది, టైపులో నేనే 356 కొడతాను. శిక్ష రెండేళ్ళ వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా సమాజ సేవ కూడా చేర్చారు. మా కోర్టులో ఎవరి చేతా చీపురు పట్టించడం ఇంతవరకు చూడలేదు.

ఒక అపార్ట్‌మెంటు కేసు చెబుతాను. లిఫ్టు బాగుచేయించడానికని ఫ్లాటుకింత వసూలు చేశారు, నెలలు గడిచినా లిఫ్టు కదల్లేదు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డు ఉద్యోగి ఒకాయన, మోకాళ్ళ నొప్పుల మనిషి, వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు లెక్కలు అడిగాడు. జవాబు లేదు. మూడోసారి ఇలా పెట్టాడు: "మన ట్రెజరర్ గారు నిప్పులాంటి మనిషి. లిఫ్టు డబ్బులు ఆయన చేత్తో కూడా ముట్టలేదు." వెనకాల రెండు దణ్ణాలు, ఒక పళ్ళికిలించిన నవ్వు బొమ్మ. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ఆయన దాన్ని మడతలు పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు.

"నేను పొగిడాను కదండీ. పొగిడినందుకు కేసా?"

మా సారు ఏమీ మాట్లాడకుండా బేర్ యాక్టు (చట్టం ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం) తెరిచి, 356 కింద ఉన్న ఉదాహరణ చదివి వినిపించారు. 'ఎ' అనే వ్యక్తి అంటాడు: "జెడ్ నిజాయితీపరుడు, బి గడియారం అతను దొంగిలించనే లేదు." జెడ్ దొంగిలించాడని వినేవాళ్ళు నమ్మాలన్న ఉద్దేశంతో అలా అంటే అది పరువు నష్టమే. దాని కిందే ఇంకో రెండు. బి గడియారం ఎవరు దొంగిలించారని అడిగితే 'ఎ' నోరు మెదపకుండా జెడ్ వైపు వేలు చూపిస్తాడు. మూడోదాంట్లో జెడ్ గడియారం పట్టుకుని పారిపోతున్నట్టు బొమ్మ గీస్తాడు. ఇవి 1860 నాటి శిక్షా స్మృతిలో రాసిన ఉదాహరణలు, సంహితలోకి యథాతథంగా వచ్చాయి. మీము, ఎమోజీ పుట్టక ముందే వాటికి చట్టం సిద్ధంగా ఉందన్నమాట. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ పేజీని తనే ఇంకోసారి చదువుకున్నాడు.

అయితే అదే సెక్షన్ ఆయన్ని ఒడ్డున పడేసే దారి కూడా చూపిస్తుంది. 356కి పది మినహాయింపులున్నాయి. తొమ్మిదో దాని ప్రకారం, తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడుకోవడానికి సద్భావంతో చేసిన ఆరోపణ నేరం కాదు. దానికిచ్చిన ఉదాహరణ అచ్చం మన కిరాణా కొట్లో మాటలాగే ఉంటుంది. కొట్టు యజమాని గుమాస్తాతో అంటాడు: "జెడ్‌కి రొక్కమిస్తేనే సరుకియ్యి, అతని నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు." తన వ్యాపారం కాపాడుకోవడానికి, తన కొట్లో పనిచేసేవాడితో అన్నాడు కాబట్టి తప్పు లేదు. అదే మాట బోర్డు రాయించి కొట్టు ముందు వేలాడదీసి ఉంటే వేరే కథ. మా జవాబు నోటీసులో మొదటి రెండు మెసేజీలనే ముందు పెట్టాం. డబ్బు కట్టిన సభ్యుడు సభ్యులున్న గ్రూపులో లెక్క అడగడం పరువు తీయడం కాదు, లెక్క చూపకపోవడమే అనుమానానికి మూలం అని రాశాం. ఆ దణ్ణాల మెసేజీ లేకపోతే మా పని ఇంకా తేలికయ్యేది. 'లెక్క చూపండి' అన్నది ప్రశ్న. 'తినేశాడు' అన్నది ఆరోపణ. వెటకారం ఏ వేషంలో వచ్చినా ఆ రెండో దాని కిందికే వస్తుంది.

ఆ నోటీసులో గ్రూపు అడ్మిన్ని రెండో ముద్దాయిగా చేస్తామని కూడా బెదిరించారు. ఆవిడ బ్యాంకులో చేసి రిటైరైనావిడ, గ్రూపులో చెత్త బండి టైము, కరెంటు కోత తప్ప ఏమీ పెట్టదు పాపం. "నాకు ఈ అడ్మిను పదవి వద్దు తమ్ముడూ, ఎవరికైనా రాసిచ్చేస్తాను" అంది. ఇతరులు పెట్టిన దానికి అడ్మిన్ బాధ్యులు కారని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్ చేతిలో ఉన్నది మనుషుల్ని చేర్చడం, తీసేయడం. అవతలివాళ్ళతో కలిసి పన్నాగం పన్నితే తప్ప వాళ్ళ రాతలకు ఈవిడ జవాబుదారీ కాదు. ఫార్వర్డ్ చేసినవాళ్ళకు మాత్రం ఈ సౌకర్యం లేదు. ఎవరో రాసింది పంపానంతే అన్న వాదనను 2023లో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. సోషల్ మీడియాలో పంపిన మెసేజీ విల్లు దాటిన బాణమని, పంపినవాడే దాని ఫలితం మోయాలని అంది.

నిజమే చెప్పాను కదా అన్నది ఇంకో పెద్ద భ్రమ. సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణ, నిజమని రుజువు చేస్తే నష్టపరిహారం ఉండదు. క్రిమినల్ కేసులో అలా కాదు. మొదటి మినహాయింపు చదివితే నిజమై ఉండాలి, దాన్ని బయటపెట్టడం లోకహితం కోసమై కూడా ఉండాలి. పక్కింటాయన పాతికేళ్ళ కిందట ఏదో కేసులో జైలుకెళ్ళొచ్చాడనుకోండి. అది నిజమే కావచ్చు. ఆయన కూతురి పెళ్ళిలో భోజనాల బంతి దగ్గర దాన్ని చాటితే ఏ లోకానికి హితం?

పెళ్ళి మాటొచ్చింది కాబట్టి అసలు గుంట గురించి చెప్పాలి. మన వైపు పెళ్ళి సంబంధం చూడటమంటే సగం విచారణే. పిల్లాడు ఎలాంటివాడు, తాగుతాడా, అప్పులున్నాయా అని వీధి మలుపులో కొట్టాయన్నీ, పాలాయన్నీ, ఎదురింటివాళ్ళనీ అడుగుతారు. అలా అడిగినప్పుడు ఒక కొట్టాయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "సాయంత్రం ఏడు దాటాక ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి, మీ కళ్ళతోనే చూద్దురుగాని." సంబంధం తప్పిపోయింది. పిల్లాడి తండ్రి కేసు వేశాడు.

పదో మినహాయింపు ఇలాంటివాళ్ళ కోసమే ఉంది. ఎదుటివారి మేలు కోరి, వారికే, సద్భావంతో చేసిన హెచ్చరిక పరువు నష్టం కాదు. సద్భావమంటే మనసులో చెడు ఉద్దేశం లేకపోవడం ఒక్కటే కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది ఏదీ సద్భావం కాదని చట్టంలోనే రాసి ఉంది. ఎవరో అనుకుంటుంటే విని చెప్పానంటే కుదరదు. ఈయన స్వయంగా చూసిందే చెప్పాడు, అడిగినవాళ్ళకే చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే మా సారు ఆ కేసును మొదటి మెట్టు మీదే కొట్టేయించేవారు. ఆగలేదు. ఆ తర్వాత ఉప్పుకీ పప్పుకీ వచ్చిన ప్రతివాళ్ళకీ "నేను చెప్పబట్టి ఆ పిల్ల బతికిపోయింది" అని చెప్పుకున్నాడు. పెళ్ళివారి చెవిన వేసిన మాటకు రక్షణ ఉంది. బేరానికొచ్చినవాళ్ళ చెవిన వేసినదానికి లేదు. సాక్షులుగా వచ్చిందీ ఆ బేరానికొచ్చినవాళ్ళే. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇది రాజీ చేసుకోదగ్గ నేరమే కాబట్టి ఇలాంటివి ఎక్కువగా అక్కడే తెల్లారతాయి.

ఎలాంటి మాటతో పరువు పోయిందని లెక్క అనడానికి కూడా సెక్షన్లోనే ఒక వివరణ ఉంది. పదిమంది దృష్టిలో మనిషి శీలాన్నో బుద్ధినో తగ్గించాలి. కులానికో వృత్తికో సంబంధించిన మర్యాదను తగ్గించినా చాలు, అప్పు పుట్టే పరపతిని తగ్గించినా చాలు. అసహ్యించుకోదగ్గ జబ్బుందని నమ్మించినా అంతే. నాకైతే ఇది రాసినవాళ్ళు మన ఊరి రచ్చబండ మీద కూర్చుని విన్నారేమో అనిపిస్తుంది.

ఇంక అర్జీలు. సోమవారం కలెక్టరాఫీసులో ఫిర్యాదుల రోజు, మా కోర్టు దగ్గర అర్జీలు రాసేవాళ్ళకు ఆదివారం సాయంత్రం నుంచే పని. రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని, ఫలానా ఉద్యోగి పని చేయడానికి డబ్బడిగాడని కలెక్టరుకు రాసిస్తే ఎనిమిదో మినహాయింపు కాపాడుతుంది. విచారించే అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదు. గట్టి మాటలే రాయొచ్చు, భయం అక్కర్లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, అర్జీ ఇచ్చి బయటికి రాగానే గేటు దగ్గర నాలుగైదు యూట్యూబు ఛానెళ్ళ గొట్టాలు మూతి ముందుకొస్తాయి. లోపల కాగితం మీద 'విచారించగలరు' అని రాసినాయన బయట 'కోట్లు తిన్నాడు' అంటాడు. లోపలిదానికి చట్టం కవచం ఇచ్చింది, గేటు దాటాక తీసేసుకుంది. అబద్ధమని తెలిసీ అర్జీ పెడితే కథ వేరు. దానికి 217 సెక్షన్ ఉంది, అప్పుడు నేరస్థుడు అర్జీదారే.

కులం పేరుతో తిట్టడం గురించి రాయకుండా ఈ విషయం ముగించలేను. చుండూరు మా తెనాలి పక్కనే. 1991 ఆగస్టు 6న అక్కడ దళితుల్ని ఊచకోత కోశారు. విచారణకు ప్రత్యేక కోర్టును ఆ ఊళ్ళోనే పెట్టారు. అంతకు ముందు 1985లో కారంచేడు. కాబట్టి 1989 నాటి అట్రాసిటీ చట్టం మా ప్రాంతంలో ఎక్కడో ఢిల్లీలో చేసిన చట్టంలా ఉండదు. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలను నలుగురి ఎదుట కించపరచాలని అవమానిస్తే ఒక నేరం, కులం పేరుతో దూషిస్తే ఇంకో నేరం. పాత కట్టల మీద 3(1)(ఎక్స్) అని కనిపించేది, 2016 నుంచి 3(1)(ఆర్), 3(1)(ఎస్) అని రాస్తున్నాం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. ముందస్తు బెయిలుకు చట్టమే అడ్డం పెట్టింది.

ఇక్కడా మళ్ళీ అదే ప్రశ్న: ఎవరు విన్నారు? నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నది ఈ సెక్షన్ కిందికి రాదని సుప్రీం కోర్టు 2020లో హితేశ్ వర్మ కేసులో చెప్పింది. దాన్ని పట్టుకుని "నా ఇంటి ఆవరణలో అన్నాను కాబట్టి ఏం కాదు" అని వచ్చేవాళ్ళకు 2008 నాటి స్వరణ్ సింగ్ తీర్పు చూపిస్తాం. స్థలం సొంతదైనా, ఇంటి గేటు దగ్గర దారినపోయేవాళ్ళు చూసేలా వినేలా అంటే అది నలుగురి ఎదుట అన్నట్టే. పొలం గట్టు తగాదాల్లో ఇదే ఎక్కువగా చూస్తాను. గట్టు జరిపాడా లేదా అన్నది సివిల్ గొడవ, సర్వేయరు వచ్చి గొలుసు వేస్తే తేలిపోతుంది. నోట్లోంచి కులం పేరు వచ్చిన క్షణం అది ఇంకో కోర్టుకు పోయే కేసు. "అలవాటుగా నోటికొచ్చేసింది గుమాస్తా గారూ, సామెతే కదా" అంటారు. ఆ సామెతలు తరాల తరబడి ఎవరు అన్నారో, ఎవరు తలవంచుకుని విన్నారో మనందరికీ తెలుసు. నాకు వాటి మీద ఏ జాలీ లేదు, పోతే పోనివ్వండి.

ప్రభుత్వాన్నీ నాయకుల్నీ అనే మాటలు మా బల్ల మీదకు తక్కువ వస్తాయి, అవి ఎక్కువగా స్టేషను నుంచే మొదలవుతాయి కాబట్టి. ఒకప్పుడు దీనికి ఐటీ చట్టంలో 66ఎ అని ఉండేది. చిరాకు కలిగించే మెసేజీ పంపినా అరెస్టే. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ గురించి పాల్ఘర్ అమ్మాయి ఒకరు ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే, ఆమెనీ, దాన్ని లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. ఆ గొడవలోంచే శ్రేయా సింఘాల్ కేసు పుట్టింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల బెంచి 66ఎని మొత్తంగా కొట్టేసింది. చలమేశ్వర్ గారు మా పక్కనున్న కృష్ణా జిల్లా మనిషని ఆ రోజు మా కోర్టు క్యాంటీన్లో అందరూ తమ సొంత చుట్టం గెలిచినట్టు చెప్పుకున్నారు, తీర్పు రాసింది నారిమన్ అయినా సరే. చర్చించడం, సమర్థించడం వేరు, రెచ్చగొట్టడం వేరు, మూడోదాని దాకా వస్తేనే ప్రభుత్వం చెయ్యి వేయాలన్నది ఆ తీర్పు సారం. చచ్చిన సెక్షన్ మీద పోలీసులు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కేసులు కట్టారు. 2022లో సుప్రీం కోర్టు మళ్ళీ ఇక చాలు ఆపండని ఆదేశించాల్సి వచ్చింది.

ఏ పార్టీ గద్దె మీద ఉన్నా కార్యకర్తల మీద పోస్టుల కేసులు ఆగవు, ముద్దాయిలు మాత్రం అయిదేళ్ళకోసారి మారతారు. ఇప్పుడు రెండు పనికొచ్చే సంగతులున్నాయి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టకముందు పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173(3)లో వీలుంది. మాటలకు, రాతలకు సంబంధించిన కేసుల్లో ఆ పని చేయడమే తగినదని 2025 మార్చిలో సుప్రీం కోర్టు చెప్పింది. ప్రతి విమర్శకూ ఉలిక్కిపడే మనిషిని కొలతగా పెట్టుకోవద్దనీ, ధైర్యం, నిలకడ ఉన్న మనిషికి ఆ మాట ఎలా తోస్తుందో చూడాలనీ అంది. రెండోది, 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల కేసులపై పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. పరువు నష్టం ఫిర్యాదుతో వచ్చినవాళ్ళను స్టేషన్లో కూర్చోబెట్టి ఎఫ్ఐఆర్ రాయకుండా, మేజిస్ట్రేటు దగ్గరికి పంపమంది. నిజానికి అది పాత సూత్రమే. పరువు నష్టం పోలీసులు తమంతట తాము చేపట్టే నేరం కాదు. అయినా ఎస్సై పిలిపించి "ఎందుకు పెట్టావురా" అని అడిగితే సెక్షన్ల గురించి మాట్లాడే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? విచారణకు రమ్మంటూ అదే సంహిత కింద పోలీసులు 35(3) నోటీసిస్తే తప్పకుండా వెళ్ళండి, వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. నోటీసు కాగితం లేకుండా ఫోన్లో రమ్మంటే, కాగితం పంపమని మర్యాదగా అడగండి.

ఉద్యోగస్థుల పరిస్థితి ఇంకో రకం. పంతులు గారో, రెవెన్యూ ఆయనో ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ పోస్టు పెడితే అది నేరం కాకపోవచ్చు, కానీ 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద మెమో వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ నియమాలే నడుస్తున్నాయి. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే సుప్రీం కోర్టు అంది. అది కోర్టు దాకా వెళ్ళినవాళ్ళకు. మెమోకు జవాబు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళకు ఇంక్రిమెంటు గురించే బెంగ.

ఇక మా ఆఫీసు గుమ్మం ఎక్కబోయేవాళ్ళ కోసం పని జరిగే తీరు రెండు ముక్కల్లో. క్రిమినల్ కంప్లైంటుకు మూడేళ్ళు, సివిల్ దావాకు ఒక్క ఏడాదే గడువు. ఈ ఏడాది సంగతి తెలియక ఎన్నో నెలలు పెద్దమనుషుల మధ్య తిరిగి, చివరికి గడువు దాటాక వచ్చేవాళ్ళున్నారు. కొత్త చట్టంలో ఒక మేలు జరిగింది. ప్రైవేటు కంప్లైంటు వేశాక మేజిస్ట్రేటు దాన్ని కాగ్నిజెన్స్‌లోకి తీసుకునే ముందే, అంటే విచారించదగ్గ కేసుగా స్వీకరించక ముందే, ముద్దాయి మాట వినాలి. ఇదివరకు ఆ దశలో ముద్దాయికి ప్రవేశమే లేదు, సమన్లు వచ్చాకే తెలిసేది.

సాక్ష్యం విషయంలో అందరూ చేసే పొరపాటు స్క్రీన్‌షాట్ కలరు ప్రింటు తీయించుకుని దాన్నే పట్టుకుని రావడం. ఆ కాగితం ఒక్కటే చాలదు. సాక్ష్య చట్టం కొత్తదైంది, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి. అందులో రెండు భాగాలు. మొదటిది ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్ళు రాసి సంతకం పెట్టేది, రెండోది నిపుణుడు పెట్టేది. ఫైలు మార్చలేదని చూపే హాష్ విలువ కూడా వేయాలి. కాబట్టి మెసేజీ వచ్చిన అసలు ఫోనే తీసుకురండి. కేసు నడుస్తుండగా దాన్ని ఎక్స్చేంజి ఆఫర్లో ఇచ్చేయకండి, పిల్లలకిచ్చి రీసెట్ కొట్టించకండి. కోపం వచ్చి గ్రూపులోంచి ఎగ్జిటై, ఆ ఊపులో చాట్ మొత్తం చెరిపేసేవాళ్ళుంటారు, తర్వాత మా బల్ల ముందు కూర్చుని తలపట్టుకుంటారు. మీరు పెట్టిందే ఎదుటివాళ్ళు కేసుగా వేసినా ఇదే మాట. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కేలోపే ఎవరో ఒకరు తీసి పెట్టుకుని ఉంటారు. ఆ మెసేజీకి ముందు మీరు మర్యాదగా అడిగిన రెండు మెసేజీలు మాత్రం వాళ్ళు తీసి పెట్టుకోరు, అవి మీ ఫోన్లోనే ఉండాలి.